తప్పు జవాబుతో విమానం ఎగరదు



సాయంత్రం పూట మదనపల్లెలో మిద్దె మీద నిలబడి ఆకాశం వంక చూశారా? బెంగుళూరు వైపు దిగే విమానాలో, అక్కడి నుంచి లేచిన విమానాలో ఒకటి రెండు కనబడుతూనే ఉంటాయి. పుంగనూరులోనూ అంతే. కుప్పంలో అయితే విమానాశ్రయం వస్తుందన్న మాట కొన్నేళ్లుగా వినబడుతోంది. మా చిన్నప్పుడు విమానం మోత వినబడితే చాలు, పలకా బలపం కింద పడేసి వీధిలోకి పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు మీలో చాలామంది తల కూడా ఎత్తరు. అలవాటైపోయింది. అలవాటైన వస్తువు గురించి మనం ప్రశ్నలు వేయడం మానేస్తాం. సైన్సుకు ఇంతకన్నా పెద్ద శత్రువు లేదని నా అభిప్రాయం.

ఈ నెల మీతో ఒక విద్యార్థి సంగతి చెప్పదలచుకున్నాను. అతడు పుంగనూరులో నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పేరు రాయవద్దని అతడే కోరాడు కాబట్టి రాయను. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే ఈ మనిషి, సెలవు రోజుల్లో చిన్న విమానం నడపడం నేర్చుకున్నాడు. ఈ మాట విన్నవాళ్లు ఊళ్లో ఏమన్నారో తెలుసా? "డబ్బెక్కువైంది", "ఉద్యోగం చూసుకోక ఈ గాలి తిరుగుళ్లు ఎందుకు?" అన్నారు. మొదట నేనూ దాదాపు అలాగే అనుకున్నాను. తరువాత నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెబుతాను. అందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

పుంగనూరు తరగతి గదిలో

సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. తొమ్మిదో తరగతికి విమానం ఎలా ఎగురుతుందో చెబుతున్నాను. నల్లబల్ల మీద రెక్క అడ్డుకోత బొమ్మ గీశాను. పైభాగం ఉబ్బుగా, కిందిభాగం చదునుగా. "చూడండి, రెక్క ముందు అంచు దగ్గర గాలి రెండుగా చీలుతుంది. పైనుంచి పోయే గాలికి దారి ఎక్కువ. కిందినుంచి పోయే గాలికి దారి తక్కువ. రెండూ వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలి. కనుక పైగాలి వేగంగా పోవాలి. వేగం పెరిగితే పీడనం తగ్గుతుందని బెర్నూలీ సూత్రం చెబుతోంది. అందుకే రెక్క పైకి లేస్తుంది" అన్నాను. నేను చదువుకున్న పాత పుస్తకంలో అలాగే ఉండేది. ప్రపంచంలోని ఎన్నో పుస్తకాల్లో కూడా అలాగే ఉండేది.

మూడో బెంచీలోంచి ఈ అబ్బాయి లేచాడు. "సార్, విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి గదా. అప్పుడు ఉబ్బు కిందికి వస్తుంది. మరి పడిపోవాల గదా? గాలిపటానికి ఉబ్బే లేదు, అదెట్ల ఎగురుతుంది సార్?" అని అడిగాడు.

ఎంత మంచి ప్రశ్న! నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కాని నేను ఏమన్నానో తెలుసా? "పరీక్షలో అది అడగరు. కూర్చో" అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ అబ్బాయి కూర్చున్నాడు. ఆ సంవత్సరం చివరి వరకు మరో ప్రశ్న వేయలేదు.

ఆకాశంలో పాఠం

కొంతకాలం కిందట సుగుటూరు గంగమ్మ జాతరకు పుంగనూరు వచ్చి, నన్ను వెతుక్కుంటూ మదనపల్లెకు వచ్చాడు. కాఫీ తాగుతూ విమానం సంగతి ఎత్తాడు. "సార్, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. ఆ పొద్దు మీరు చెప్పిందే నేను అక్కడ చెప్పినాను. మా ఇన్‌స్ట్రక్టరమ్మ నవ్వింది సార్" అన్నాడు.

ఆమె అడిగిందట: "రెక్క ముందు విడిపోయిన రెండు గాలి కణాలు వెనక ఒకేసారి కలుసుకోవాలని ఏమైనా ఒప్పందం రాసుకున్నాయా?" అతడి దగ్గర జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు. నిజానికి అలాంటి నియమం ప్రకృతిలో లేనే లేదు.

తరువాత ఆమె అతడిని నేలకు సుమారు 900 మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్లింది. ఇంజను జోరు తగ్గించమంది. ఎత్తు తగ్గకుండా విమానం ముక్కును నెమ్మదిగా పైకి ఎత్తుతూ ఉండమంది. వేగం పడిపోతోంది. హెచ్చరిక మోత వినబడింది. విమానం వణికింది. ఉన్నట్టుండి ముక్కు కిందికి వాలి, కాళ్ల కింద నేల జారిపోయినట్టయింది. అతడు ఏం చేశాడు? మీరైనా నేనైనా ఏం చేస్తామో అదే చేశాడు. భయంతో కంట్రోలును ఇంకా గట్టిగా వెనక్కి లాగాడు. విమానం ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు ఆమె కంట్రోలు అందుకుని, శాంతంగా ముందుకు నెట్టింది. ముక్కు కిందికి దిగింది. వేగం వచ్చింది. విమానం మళ్లీ ఎగరసాగింది.

వింతగా లేదూ? పడిపోతున్న విమానాన్ని కాపాడాలంటే ముక్కును కిందికి దించాలి! "ఆ క్షణంలో నాకు అర్థమయింది సార్, రెక్కను ఎగిరించేది ఉబ్బు కాదు, కోణం అని" అన్నాడు.

ఈ పరిస్థితిని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ ఆగిపోయేది రెక్క పని. స్టాల్ నుంచి బయటపడడం ప్రతి కొత్త పైలట్‌కూ నేర్పుతారు. ఈ పాఠాన్ని మరచిపోతే ఎంత నష్టమో ప్రపంచం చూసింది. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్ సముద్రంలో పడిపోయింది. 228 మంది మరణించారు. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని కొలతలు తప్పాయి. ఆ గందరగోళంలో ముక్కును పైకి లాగడంతో విమానం స్టాల్ అయింది. సముద్రాన్ని తాకేవరకు దాదాపు మూడున్నర నిమిషాలు అది స్టాల్‌లోనే పడుతూ వచ్చింది. శిక్షణ ఉన్నవాళ్లకే ఇలా జరిగిందంటే, తెలియడం వేరు, అవసరమైనప్పుడు తోచడం వేరు అని తెలుస్తుంది.

అసలు రెక్కను ఎత్తేది ఏమిటి?

ఇప్పుడు సరైన జవాబు చూద్దాం. భయపడకండి, న్యూటన్ మూడో చలన నియమం తెలిస్తే చాలు. చర్యకు ప్రతిచర్య ఉంటుంది, రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. విమానం రెక్క, తన మీదుగా పోయే గాలిని కిందికి మళ్లిస్తుంది. రెక్క గాలిని కిందికి తోస్తే, గాలి రెక్కను పైకి తోస్తుంది. నీళ్లలో ఈత కొట్టేవాడు నీటిని వెనక్కి తోసి తాను ముందుకు పోవడం లేదా? ఇదీ అంతే.

మరి బెర్నూలీ సూత్రం తప్పా? కాదు. రెక్క పైన గాలి వేగంగా పోవడమూ నిజమే, అక్కడ పీడనం తక్కువగా ఉండడమూ నిజమే. తప్పల్లా "ఒకేసారి కలుసుకోవాలి" అనే మాట. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఆచార్యుడు హోల్గర్ బాబిన్‌స్కీ గాలి సొరంగంలో పొగను విడతలు విడతలుగా వదిలి ఈ సంగతిని ఫొటోలతో చూపాడు. ఉపాధ్యాయుల కోసం 2003లో ఒక వ్యాసం కూడా రాశాడు. రెక్క పైనుంచి పోయిన పొగ, కిందినుంచి పోయిన పొగ కన్నా ముందే వెనక అంచుకు చేరుకుంటుంది. రెండూ కలుసుకోవు! పైగాలికి దారి ఎక్కువ కనుక వేగం వచ్చిందన్న వాదన అక్కడే కూలిపోయింది.

పీడనం ఎందుకు తగ్గుతుంది? రెక్క పైన గాలి వంపు తిరిగి కిందికి పోతుంది. తాడు కట్టిన చెంబును గిరగిర తిప్పితే, చెంబును లోపలికి లాగి ఉంచేది తాడు. గాలికి తాడు లేదు. వంపు తిరిగే గాలిని రెక్క వైపు నెట్టేది పీడనాల తేడాయే. రెక్కకు దగ్గర పీడనం తక్కువ, దూరంగా ఎక్కువ. గాలి కిందికి మళ్లడం, పైన పీడనం తగ్గడం ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూడడమన్నమాట.

ఇక తలకిందుల ప్రశ్న. రెక్క గాలికి ఎదురుగా కొంచెం కోణంలో ఉంటే చాలు, గాలి కిందికి మళ్లుతుంది. తలకిందులైనప్పుడు పైలట్ ముక్కును మరికాస్త ఎత్తి ఆ కోణాన్ని తెచ్చుకుంటాడు. విన్యాసాలు చేసే విమానాలకు చాలావాటికి పైనా కిందా ఒకేలా ఉండే రెక్కలే ఉంటాయి. గాలిపటమూ కోణంతోనే ఎగురుతుంది. ఉబ్బు ఉంటే పని సులువు, రెక్కకు బలం, గాలి సాఫీగా జారుతుంది. కాని మూల కారణం అది కాదు. కోణం పెంచుతూ పోతే ఎత్తే బలం కూడా పెరుగుతుంది. అయితే సుమారు 15, 16 డిగ్రీలు దాటేసరికి గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోలేక చెదిరిపోతుంది. అదే స్టాల్. ముక్కు దించితే కోణం తగ్గి, గాలి మళ్లీ రెక్కను అంటుకుంటుంది.

చూశారా! ఇరవై ఏళ్ల కిందట ఆ అబ్బాయి అడిగిన రెండు ప్రశ్నల్లోనే సరైన జవాబుకు దారి ఉంది. ఆ దారిని నేనే మూసేశాను.

ఒక చిన్న లెక్క

శిక్షణకు విరివిగా వాడే సెస్నా 152 అనే విమానం ఉంది. రెండే సీట్లు. మన పుంగనూరు ఆవులాగా చిన్నది, తిండి తక్కువ, పని ఎక్కువ! తన బరువు, మనుషులు, ఇంధనం అన్నీ కలిపి అది మోయగల మొత్తం బరువు 757 కిలోలు. రెక్కల వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు. భాగించండి. ఒక్కొక్క చదరపు మీటరు రెక్క మోసేది దాదాపు 50 కిలోలు. అంటే ఒక సిమెంటు బస్తా.

మరి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఎంత? మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 9,500 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. అందులో 50 కిలోలు ఎంత? దాదాపు 200లో ఒక వంతు! రెక్క పైనా కిందా పీడనంలో ఈ మాత్రం తేడా ఉంటే ఇద్దరు మనుషులతో విమానం గాలిలో నిలుస్తుంది. గాలి బలహీనమైనదని ఇక ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

ఇంకో సంగతి. ఏప్రిల్ నెలలో మన ఊళ్లో ఎండ 38 డిగ్రీలు ఉందనుకోండి. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది. ఆ రోజు మదనపల్లె గాలి సాంద్రత, సముద్రతీరంలో 15 డిగ్రీల చల్లటి రోజున ఉండే సాంద్రత కన్నా సుమారు 15 శాతం తక్కువ. పైలట్లు దీన్ని ఎత్తుగా మార్చి లెక్కవేస్తారు. ఆ లెక్కన విమానానికి మదనపల్లె దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు! అంటే హార్సిలీ కొండ కొన కన్నా పైన. ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, నేల మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఈ లెక్క వేయకుండా పొట్టి రన్‌వే మీద బయలుదేరితే చివర ఉన్న చెట్లే లెక్క చెబుతాయి. తొమ్మిదో తరగతిలో మీరు విసుక్కుంటూ చదివే సాంద్రత, పీడనం, ఉష్ణోగ్రత అక్కడ ప్రాణాలు కాపాడే మాటలు.

రెండు మీటలు నొక్కితే వెనక్కి రాదు

కంప్యూటరు ముందు కూర్చునేవాడికి ఇదంతా ఎందుకు? నేను ఈ ప్రశ్న అతడినే అడిగాను. "సార్, మా పనిలో తప్పు చేస్తే రెండు మీటలు నొక్కి వెనక్కి పోతాం. ఆకాశంలో వెనక్కి పోయే మీట లేదు. అందుకని ముందే ఆలోచించడం నేర్చుకున్నాను" అన్నాడు.

ముందే ఆలోచించడానికి విమానరంగం ఒక చక్కటి పద్ధతి కనిపెట్టింది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగ్ సంస్థ తయారుచేసిన మోడల్ 299 అనే పెద్ద విమానాన్ని పరీక్షిస్తున్నారు. నడుపుతున్నవాడు మేజర్ ప్లోయర్ హిల్, గొప్ప అనుభవశాలి. విమానం లేచింది, నిటారుగా ఎక్కింది, స్టాల్ అయి కూలిపోయింది. హిల్‌తో సహా ఇద్దరు మరణించారు. కారణమేమిటి? నేల మీద ఉన్నప్పుడు గాలికి తోకభాగాలు కొట్టుకోకుండా బిగించే తాళాన్ని తీయడం మరిచారు! విమానంలో లోపం లేదు, పైలట్‌కు తెలివి తక్కువ కాదు. గుర్తుంచుకోవలసినవి మరీ ఎక్కువయ్యాయి. దానితో ఇంజనీర్లు, పైలట్లు కలిసి, చేయవలసిన పనులన్నీ వరుసగా రాసిన ఒక పట్టీ తయారుచేశారు. అదే చెక్‌లిస్టు. ఆ విమానమే తరువాత బి-17గా వేలసంఖ్యలో తయారయింది. ఈనాటికీ చిన్న విమానం ఎక్కే విద్యార్థి అయినా, ముప్పై ఏళ్లు నడిపిన పైలట్ అయినా ఆ పట్టీ చదవకుండా ఇంజను ముట్టుకోడు. "నాకు అన్నీ గుర్తున్నాయి" అన్న అహంకారానికి అక్కడ చోటు లేదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఆకాశాన్ని ఎందుకు తెలుసుకోవాలో చెప్పే ఉదాహరణ ఇంకొకటి ఉంది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల్లో, ముక్కు మరీ పైకి లేస్తే దానంతట అదే దించే ఒక ప్రోగ్రాము పెట్టారు. అది రెక్క కోణాన్ని కొలిచే ఒక్క పరికరం మీదే ఆధారపడింది. ఆ పరికరం తప్పు చెబితే? 2018 అక్టోబరులో ఇండొనీషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో అదే జరిగింది. బాగానే ఎగురుతున్న విమానాల ముక్కును ప్రోగ్రాము మళ్లీ మళ్లీ కిందికి దించింది. రెండు ప్రమాదాల్లో 346 మంది మరణించారు. ఆ తరువాత దానిని మార్చి, రెండు పరికరాల కొలతలను పోల్చి చూసేలా చేశారు. స్టాల్‌లో ముక్కు దించడమే సరైన పని అని పైన చెప్పాను. స్టాల్ లేనప్పుడు అదే పని ప్రాణాంతకం. సరైన జవాబు కూడా సరైన కొలత లేకపోతే తప్పు జవాబే!

ఇంకో చిన్న కథ. గ్యారీ కిల్డాల్ అనే అమెరికన్, వ్యక్తిగత కంప్యూటర్ల తొలి రోజుల్లో 1974లో సి.పి.ఎం. అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరును తయారుచేశాడు. ఆయనకు చిన్న విమానం నడపడం వచ్చు. 1980లో ఐ.బి.ఎం. ప్రతినిధులు ఆయన్ని కలవడానికి వచ్చిన రోజున "సరదాగా విమానమెక్కి తిరగడానికి పోయి కోట్ల బేరం పోగొట్టుకున్నాడు" అన్న కథ లోకమంతా పాకింది. తాను పోయింది వ్యాపార పని మీద అనీ, మధ్యాహ్నానికి తిరిగి వచ్చాననీ ఆయన చెప్పినా కథ మాత్రం ఆగలేదు. ఎందుకంటే ఆ కథ చెప్పుకోవడానికి బాగుంది. గాలి కణాలు ఒకేసారి కలుసుకునే కథ కూడా అంతే. వినడానికి బాగుంది, గుర్తుపెట్టుకోవడం సులువు, అందుకే ఇన్నేళ్లు బతికింది. బాగున్న ప్రతి కథా నిజం కాదు.

ఇది మనకు అందేదేనా?

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు: "ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్లకు, డబ్బున్నవాళ్లకు." ఈ మాటలో నిజం ఉంది. విమానం నేర్చుకోవడం లక్షల్లో ఖర్చయ్యే పని. పెట్రోలు మండుతుంది, పొగ వస్తుంది, ప్రమాదమూ ఉంది. అందరూ నేర్చుకోవాలని నేను చెప్పను. అప్పు చేసి నేర్చుకోమని అసలే చెప్పను.

కాని "మనకు కాదు" అని ముందే తలుపు మూసుకోవడం వేరు. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు పొందాడు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానంలో టపా తెచ్చాడు. అక్కడి నుంచి ఆ టపా మన పక్కనున్న బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. ఇక మన తెలుగువాళ్ల మాట. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీషకు చిన్నప్పటి నుంచి ఆకాశం మీదే ధ్యాస. కంటిచూపు లోపం వల్ల పైలట్‌గా ఆ దారిన పోవడం కుదరలేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, అక్కడ ఒక ప్రయోగం చేసి వచ్చింది. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ కారు నడపడం కన్నా ముందే విమానం నడపడం నేర్చుకున్నాడు. చిన్న విమానాలు, నీటి మీద దిగే విమానాలు, ఇంజను లేని గ్లైడర్లు నడిపాడు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో 100 కిలోమీటర్ల ఎత్తు దాటి వచ్చాడు.

మన దేశంలో సొంతానికి విమానం నడుపుకునే లైసెన్సుకు కావలసినవి పదో తరగతి ఉత్తీర్ణత, 17 ఏళ్ల వయసు, వైద్యపరీక్షలో నెగ్గడం, రాతపరీక్షలు, కనీసం 40 గంటల గగన శిక్షణ. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. ఎన్.సి.సి. వాయువిభాగం ఉన్న చోట్ల కేడెట్లకు చిన్న మైక్రోలైట్ విమానం ఎక్కే అవకాశం కూడా దొరుకుతుంది. తెలుసుకుని ఉంటే నష్టం లేదు కదా!

నా అభిప్రాయం ఇది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల్లో చదువుకునే మీలో చాలామంది రేపు బెంగుళూరు బస్సో, రైలో ఎక్కి కంప్యూటరు ఉద్యోగాలకు పోతారు. తప్పు లేదు. అది మంచి ఉద్యోగమే. అయితే తెర మీది ప్రపంచంలో మనం రాసుకున్న నియమాలే నడుస్తాయి. బయటి ప్రపంచంలో ప్రకృతి నియమాలు నడుస్తాయి. అవి మనల్ని అడిగి రాసినవి కావు. కాబట్టి ప్రతి విద్యార్థి, ఏ చదువు చదివినా, ప్రకృతే మార్కులు వేసే పని ఒకటి చేతులతో నేర్చుకోవాలి. అది విమానమే కానక్కరలేదు. సైకిల్ చక్రం విప్పి మళ్లీ సరిచేయడం కావచ్చు. టమోటా తోటలో డ్రిప్ పైపులకు చివరి మొక్క దాకా నీళ్లు అందేలా చూడడం కావచ్చు. బోరు మోటారు ఎందుకు కాలిందో కనిపెట్టడం కావచ్చు. అక్కడ బట్టీపట్టిన జవాబు చెల్లదు. నీళ్లు వస్తే వస్తాయి, రాకపోతే రావు. నా విద్యార్థికి విమానం ఇచ్చింది అదే. ఖరీదైన బడి, కాని నిజాయితీ ఉన్న బడి.

ఇక నా మాట. అతడు వెళ్లిన మరుసటి వారం నేను తొమ్మిదో తరగతికి వెళ్లి, అదే రెక్క బొమ్మ గీశాను. "ఇన్నేళ్లు నేను దీన్ని తప్పుగా చెప్పాను" అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సార్లు తప్పు ఒప్పుకోవడం వాళ్లకు కొత్త. ఆ పూట వాళ్లు వేసినన్ని ప్రశ్నలు నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. కొన్నింటికి జవాబు తెలియక, "తెలియదు, రేపు చూసి వస్తాను" అన్నాను. ఈ మాట ఇంత తేలికని ముందే తెలిసి ఉంటే, పుంగనూరులో ఆ అబ్బాయి ఒక సంవత్సరం మౌనంగా కూర్చునేవాడు కాడు. అతడు ఎలాగో పైకి వచ్చాడు. నేను కూర్చోమన్న మిగతా పిల్లల సంగతి నాకు తెలియదు. ఆ బాధ నాకు ఉంది.

చివరగా మీకు ఒక పని. నోటుపుస్తకమంత అట్టముక్క తీసుకోండి. టేబుల్ ఫ్యానుకు రెండడుగుల దూరంలో నిలబడి, అట్టను ఒక అంచు దగ్గర పట్టుకుని గాలికి ఎదురుగా చదునుగా ఉంచండి. ముందు అంచును కొద్దికొద్దిగా పైకి ఎత్తండి. అట్ట పైకి లేవాలని చూడడం మీ వేళ్లకు తెలుస్తుంది. కోణం ఇంకా పెంచండి. పైకి లేపే బలం ఏమవుతోంది? వెనక్కి నెట్టే బలం ఏమవుతోంది? అట్టకు ఉబ్బు లేదు కదా, మరి ఎలా లేచింది? బస్సు కిటికీలోంచి చేయి పెట్టి మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

చూసినదాన్ని రాసుకోండి. మరునాడు బడిలో మీ సైన్సు టీచరును అడగండి. "పరీక్షలో అది అడగరు" అని జవాబు వస్తే చిన్నబుచ్చుకోకండి. మర్యాదగా, మళ్లీ అడగండి.